సువార్తలు ఎవరు రాశారు, సిద్ధాంతాలు ఎవరు కట్టారు?

వాటికన్ గ్రంథాలయంలో 4వ శతాబ్దపు గ్రీకు బైబిలు ఒకటుంది. చర్మపత్రాల మీద, పేజీకి మూడు కాలమ్‌ల చొప్పున, మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేకుండా రాసిన ప్రతి అది. అందులో మార్కు సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీలు వణుకుతూ పారిపోయారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. అక్కడితో సరి. తిరిగి లేచిన యేసు ఎవరికీ కనిపించడు. ఒక పుస్తకం ముగియగానే పక్క కాలమ్‌లో తర్వాతి పుస్తకం ఎత్తుకోవడం ఆ లేఖకుడి అలవాటు. ఇక్కడ మాత్రం ఒక కాలమ్ మొత్తం ఖాళీగా వదిలేసి, ఆ తర్వాతే లూకా మొదలుపెట్టాడు. ఇంకా ఏదో ఉందని అతనికి తెలుసా, తెలిసీ రాయలేదా అని పండితులు ఇప్పటికీ తర్కించుకుంటూనే ఉన్నారు. సీనాయి కొండ కింది మఠంలో టిషెన్‌డార్ఫ్‌కు దొరికిన, అదే శతాబ్దానికి చెందిన మరో ప్రతి కూడా ఈ వచనం దగ్గరే ఆగుతుంది.

మనం చదివే బైబిళ్ళలో ఆ తర్వాత మరో పన్నెండు వచనాలున్నాయి. నమ్మినవారు పాములను ఎత్తి పట్టుకుంటారని, విషం తాగినా వారికి హాని జరగదని చెప్పేవి ఆ వచనాలే. అమెరికాలో అపలాచియన్ కొండ ప్రాంతపు సంఘాలు కొన్ని వాటిని అక్షరాలా తీసుకుని, ఆరాధనలో విషసర్పాలను చేత్తో పట్టుకునే ఆచారం పెట్టుకున్నాయి. ఆ ఆచారాన్ని ఊరూరా తిరిగి ప్రచారం చేసిన జార్జ్ హెన్స్‌లీ 1955లో పాముకాటుతోనే చనిపోయాడు. మార్కు రాసినవి కావని నేటి పాఠ పరిశోధకుల్లో అత్యధికులు చెబుతున్న వచనాల మీద మనుషులు ప్రాణాలు పెట్టారు. సువార్తల ప్రామాణికత పండితుల కాలక్షేపం కాదనడానికి ఈ ఒక్కటి చాలు.

మన దగ్గర ఈ ప్రశ్న లేవగానే రెండు గొంతులు గట్టిగా వినిపిస్తాయి. ప్రతి అక్షరమూ దేవుడు చెప్పి రాయించిందేనని ఒకటి. అంతా కాన్‌స్టంటైన్ చక్రవర్తి నీసియాలో కూర్చోబెట్టి రాయించిన కట్టుకథ అని రెండోది. యూరప్‌లోనూ అమెరికాలోనూ రెండున్నర శతాబ్దాలుగా సాగిన పరిశోధన ఈ రెండు వాదాలనూ ఏనాడో దాటిపోయింది. ఆ పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో తెలుగు పాఠకుల ముందు పెట్టాలని ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెబుతాను. సువార్తలు కళ్ళారా చూసినవాళ్ళ దినచర్యలు కావు, దొంగ పత్రాలూ కావు. చర్చి సిద్ధాంతాలు మాత్రం ఆ తర్వాత మూడు నాలుగు వందల ఏళ్ళ వాదోపవాదాల్లో, చాలాసార్లు రాజ్యాధికారం అండతో, రూపుకట్టినవి. పాఠం సంగతి వేరు, చరిత్ర సంగతి వేరు, సిద్ధాంతం సంగతి వేరు. ఒకదానికి జవాబు చెప్పి మూడింటికీ చెప్పేశామనుకోవడం వల్లే మన చర్చలు పోట్లాటలుగా తేలిపోతున్నాయి.

ముందు రచయితల సంగతి. నాలుగు సువార్తల్లో ఏ ఒక్కదానిలోనూ రచయిత తన పేరు చెప్పుకోలేదు. తనకు ముందే చాలామంది ఈ పనికి పూనుకున్నారనీ, మొదటినుంచీ చూసినవారు అప్పగించిన విషయాలను విచారించి వరుసగా రాస్తున్నాననీ లూకా ముందుమాటలో అంటాడు. తాను చూశానని మాత్రం అనడు. యోహాను సువార్త చివర ఒక ప్రియ శిష్యుడి సాక్ష్యం ప్రస్తావనకు వస్తుంది, కానీ ఆ సాక్ష్యం నిజమని మేమెరుగుదుమంటూ మాట్లాడేది వేరే ఎవరో. క్రీ.శ. 2వ శతాబ్దం మధ్యలో జస్టిన్ వీటిని అపొస్తలుల జ్ఞాపకాలు అన్నాడే గాని ఎవరి పేరూ తగిలించలేదు. మత్తయి, మార్కు, లూకా, యోహాను అని నాలుగు పేర్లనూ వరుసగా చెప్పినవాడు, 180 ప్రాంతంలో లియోన్ బిషప్‌గా ఉన్న ఐరేనియస్.

అంతకుముందటి సాక్షి ఒకడున్నాడు, హియెరాపొలిస్ బిషప్ పాపియస్. అతని గ్రంథాలు పోయాయి. 4వ శతాబ్దంలో యూసేబియస్ తన సంఘ చరిత్రలో ఎత్తి చూపిన ముక్కలే మిగిలాయి. మార్కు పేతురుకు దుబాసీగా ఉండి, గుర్తున్నంతవరకు రాశాడనీ, అయితే వరుసలో రాయలేదనీ పాపియస్ చెప్పాడు. మత్తయి హెబ్రీ భాషలో ప్రభువు మాటలు కూర్చాడని కూడా అన్నాడు. ఈ రెండో మాటతో చిక్కు వస్తుంది. మన చేతిలో ఉన్న మత్తయి సువార్త మొదటినుంచీ గ్రీకులో రాసిన పుస్తకం, పైగా గ్రీకు మార్కును ముందు పెట్టుకుని రాసినది. యేసు వెంట తిరిగిన పన్నెండుమందిలో ఒకడు, ఆ పన్నెండుమందిలో లేని మార్కు పుస్తకం చూసి రాయాల్సిన అవసరమేమిటి? ఈ ప్రశ్నకు సంప్రదాయవాదుల దగ్గర తృప్తికరమైన జవాబు నాకు కనబడలేదు.

మార్కును చూసి రాశారని ఎలా తెలుసు? మార్కులో ఉన్న సుమారు 660 వచనాల్లో 600కు పైగా ఏదో ఒక రూపంలో మత్తయిలో కనిపిస్తాయి. మాటల కూర్పూ సంఘటనల వరుసా చాలా చోట్ల ఒకటే. యేసు మాట్లాడినది అరమాయిక్. దాన్ని ఇద్దరు విడివిడిగా గ్రీకులోకి తెస్తే ఇంత పోలిక రాదు. ఇక తేడాలు చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. సొంత ఊళ్ళో జనం నమ్మనందువల్ల యేసు అక్కడ ఏ అద్భుతమూ చేయలేకపోయాడని, కొద్దిమంది రోగులను మాత్రం బాగుచేశాడని మార్కు 6వ అధ్యాయం చెబుతుంది. అదే ఘట్టం మత్తయి 13లో, ఆయన అక్కడ ఎక్కువ అద్భుతాలు చేయలేదని మారుతుంది. చేయలేకపోవడం పోయి చేయకపోవడం మిగిలింది. ఒక ధనికుడు మంచి బోధకుడా అని పిలిస్తే, నన్ను మంచివాడని ఎందుకంటావు, దేవుడు తప్ప మంచివాడు లేడు కదా అని మార్కులో యేసు అడుగుతాడు. ప్రాచీన ప్రతుల్లో మత్తయి 19 ఆ ప్రశ్నను, మంచిదాన్ని గురించి నన్నెందుకు అడుగుతావు అని తిప్పింది. రెండుచోట్లా మార్పు ఒకే వైపుకు సాగింది, యేసు మహిమకు తక్కువగా తోచేదాన్ని సర్దడం వైపుకు. దీన్ని మోసం అనను. గురువును గురించి రాసే భక్తుడు చేసే పనే ఇది. కానీ మార్కు ముందు, మత్తయి తర్వాత అనడానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు.

మార్కులో లేకుండా మత్తయి లూకాలు రెండింటిలోనూ ఉన్న వచనాలు మరో రెండు వందలకు పైగా ఉన్నాయి. అవి ఇప్పుడు పోయిన ఒక బోధల సంకలనం నుంచి వచ్చాయని జర్మన్ పండితులు 19వ శతాబ్దంలో ప్రతిపాదించారు. దాన్నే క్యూ అంటారు. దాని ప్రతి ఒక్కటీ ఎక్కడా దొరకలేదు. లూకా నేరుగా మత్తయినే చదివాడనుకుంటే క్యూ అవసరమే లేదని ఆస్టిన్ ఫారర్ 1955లో వాదించాడు. ఆ వాదం ఇటీవల బలం పుంజుకుంటోంది. ఈ తగవు తీరకపోయినా అసలు సంగతి మారదు. యేసును సిలువ వేసినది క్రీ.శ. 30 ప్రాంతంలో. పౌలు లేఖలు 50ల నాటివి. యెరూషలేము దేవాలయం కూలిన 70వ సంవత్సరానికి కాస్త అటూ ఇటూ మార్కు, 80-90 మధ్య మత్తయి లూకాలు, శతాబ్దం చివర యోహాను అని ఎక్కువమంది అంగీకరించే కాలక్రమం. నలభై ఏళ్ళ నోటి మాట తర్వాత మొదటి సువార్త వచ్చింది.

అందుకే వైరుధ్యాలు. మత్తయి ప్రకారం యేసు పుట్టినది హేరోదు రాజు బతికుండగా. హేరోదు చనిపోయినది క్రీ.పూ. 4లో. లూకా ప్రకారం కురేనియు సిరియా అధిపతిగా ఉన్నప్పుడు జరిగిన జనగణన కోసం యోసేపు మరియలు బేత్లెహేముకు వెళ్ళారు. ఆ లెక్క జరిగినది క్రీ.శ. 6లో. మధ్యలో పదేళ్ళ దూరం. యోసేపు తండ్రి మత్తయి వంశావళిలో యాకోబు, లూకాలో హేలీ. ఒకటి మరియ వంశమని చెప్పే సమర్థన పాతదే గాని, రెండు వంశావళులూ యోసేపు పేరే చెబుతాయి.

వీటికంటే ముఖ్యమైనది సిలువ వేసిన రోజు. మార్కు, మత్తయి, లూకా ముగ్గురూ చివరి రాత్రి భోజనం పస్కా భోజనమేనంటారు. ఆ లెక్కన మర్నాడు, అంటే పస్కా పండుగ రోజున, యేసు సిలువ మీద చనిపోయాడు. యోహాను అలా అనడు. పిలాతు ముందుకు యేసును తీసుకెళ్ళినప్పుడు యూదు పెద్దలు ఇంకా పస్కా భోజనం చేయవలసి ఉందని, అది పండుగ ముందటి సిద్ధపరచే దినమని రాస్తాడు. వేళ కూడా కలవదు. మార్కు ప్రకారం సిలువ వేసింది మూడో గంటకు, అంటే పొద్దున తొమ్మిదింటికి. యోహాను ప్రకారం ఆరో గంటకు, అంటే నడిమధ్యాహ్నానికి, పిలాతు ఇంకా తీర్పు చెబుతున్నాడు. యోహాను లెక్కలో దేవాలయంలో పస్కా గొర్రెపిల్లలను వధించే రోజే యేసు మరణం. ఆ సువార్త మొదటి అధ్యాయంలోనే బాప్తిస్మమిచ్చు యోహాను యేసును దేవుని గొర్రెపిల్ల అని పిలిచాడు. తేదీ మార్చడంలో ఒక వేదాంత భావం ఉందని ఇక్కడ తేటగా కనిపిస్తుంది. ఈ రెండు లెక్కలనూ కలపడానికి వేర్వేరు పంచాంగాలు వాడారని కొందరు వాదించారు. నాకది బలవంతపు పొత్తుగా తోస్తుంది.

తొలి క్రైస్తవులకు ఈ తేడాలు తెలియకపోలేదు. 170 ప్రాంతంలో సిరియాకు చెందిన తాతియన్ నాలుగింటినీ ఒకే కథగా కలిపి అల్లాడు. సిరియా సంఘాలు చాలాకాలం దాన్నే చదువుకున్నాయి. 5వ శతాబ్దంలో బిషప్ థియొడొరెట్ తన పరిధిలో దొరికిన రెండు వందలకు పైగా ప్రతులను తీసేయించి, వాటి స్థానంలో నాలుగు సువార్తలు పెట్టించాడు. తేడాలు చెరిపేసే అవకాశం చేతికొచ్చినా చర్చి దాన్ని తీసుకోలేదు. నాలుగు గొంతులూ అలాగే ఉండనిచ్చింది. చర్చి మీద ఎన్ని విమర్శలు చేసినా, ఈ ఒక్క విషయంలో దానికి దక్కవలసిన గౌరవం దక్కాలి.

వైరుధ్యాలు ఉన్నాయి కనుక అంతా అబద్ధం అనడం చరిత్ర పద్ధతి కాదు. చరిత్రకారులు ఇక్కడ ఒక సూత్రం వాడతారు. రాసేవాడికి ఇబ్బంది కలిగించే విషయాన్ని అతనే రాశాడంటే అది కల్పించినది అయ్యే అవకాశం తక్కువ. యేసు యోహాను చేత బాప్తిస్మం పొందాడు. పాపక్షమాపణకోసం ఇచ్చే బాప్తిస్మం పాపంలేనివాడికి ఎందుకు? మత్తయిలో యోహానే అభ్యంతరం చెప్పడం, నాలుగో సువార్తలో బాప్తిస్మం ఘట్టమే లేకపోవడం ఆ ఇబ్బందికి గుర్తులు. ఇక రోమన్లు తిరుగుబాటుదారులకూ బానిసలకూ వేసే సిలువ శిక్షను తమ మెస్సీయకు ఎవరూ కల్పించి పెట్టుకోరు. పౌలు గలతీయులకు రాస్తూ తాను పేతురునూ ప్రభువు సోదరుడైన యాకోబునూ యెరూషలేములో కలిశానంటాడు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ 93-94లో పూర్తిచేసిన గ్రంథంలో ఆ యాకోబు మరణాన్ని ప్రస్తావించాడు. అదే గ్రంథంలో యేసును మెస్సీయ అని పొగిడే పేరా మాత్రం క్రైస్తవ లేఖకుల చేయి పడినదని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ పిలాతు చేతిలో క్రీస్తు మరణాన్ని రాశాడు. యేసు అనే మనిషే లేడనే వాదాన్ని, విశ్వాసం వదులుకున్న బార్ట్ ఎర్మన్ సైతం 2012లో ఒక పుస్తకమే రాసి తిప్పికొట్టాడు. సాక్షుల స్మృతి సువార్తల్లో మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉందని రిచర్డ్ బాక్‌హమ్ 2006లో వాదించాడు. ఆయన ముగింపులన్నీ నేను ఒప్పుకోను గాని, ఆ పుస్తకం తర్వాత సువార్తలను ఉత్త జానపద కథలుగా కొట్టిపారేయడం కష్టమైంది. గలిలయ నుంచి వచ్చిన ఒక యూదు బోధకుడు దేవుని రాజ్యం దగ్గర పడిందని చెప్పాడు, రోగులను బాగుచేసేవాడిగా పేరుపొందాడు, దేవాలయంలో గొడవ చేశాడు, పిలాతు చేతిలో చనిపోయాడు. ఇంతవరకు గట్టి నేల. పునరుత్థానాన్ని చరిత్ర రుజువు చేయలేదు, కొట్టివేయనూలేదు. శిష్యులు తాము ఆయన్ను చూశామని గాఢంగా నమ్మారన్నది మాత్రం చరిత్రే.

ఇప్పుడు రాతప్రతులు. కొత్త నిబంధనకు గ్రీకులోనే ఐదు వేలకు పైగా రాతప్రతులున్నాయి. ప్రాచీన ప్రపంచంలో మరే గ్రంథానికీ ఇంత సంపద లేదు. ప్రతులు ఎక్కువైతే పాఠభేదాలూ ఎక్కువే. వాటిలో అత్యధికం స్పెల్లింగు తప్పులు, మాటల తారుమారు. కొన్ని మాత్రం సిద్ధాంతం ఒత్తిడితో పుట్టినవి. లూకా 2వ అధ్యాయంలో బాల యేసును గురించి విన్న మాటలకు ఆయన తండ్రీ తల్లీ ఆశ్చర్యపడ్డారని పాత పాఠం. తండ్రి అన్న మాట కన్యాజననానికి అడ్డం వస్తుందని కాబోలు, తర్వాతి ప్రతులు చాలా దాన్ని యోసేపు అని మార్చాయి. అంత్యదినం ఎప్పుడో కుమారుడికి కూడా తెలియదన్న మాట మత్తయి 24లో కొన్ని ప్రతుల్లోంచి మాయమైంది. త్రిత్వాన్ని సూటిగా చెప్పే ఏకైక వాక్యం యోహాను మొదటి లేఖ 5వ అధ్యాయంలో ఉండేది. తండ్రి, వాక్కు, పరిశుద్ధాత్మ పరలోకంలో సాక్ష్యమిస్తున్నారని, ఆ ముగ్గురూ ఒకటేనని. ఎరాస్మస్ 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చువేసినప్పుడు ఏ గ్రీకు ప్రతిలోనూ అది కనబడక వదిలేశాడు. గోల రేగింది. ఆ వాక్యమున్న గ్రీకు ప్రతి ఒకటి తెచ్చి చూపించాక, 1522 ముద్రణలో చేర్చాడు. ఆ ప్రతి అప్పటికి కొత్తగా రాసినదే. ఐజాక్ న్యూటన్ దీనిమీద పెద్ద వ్యాసమే రాసుకుని బతికున్నంతకాలం అచ్చువేయలేదు. అది 1754లో గాని వెలుగు చూడలేదు. త్రిత్వాన్ని శంకించినందుకు 1553లో జెనీవాలో సెర్వీటస్‌ను సజీవదహనం చేసిన ప్రపంచం అది. ఆ భయం అర్థం చేసుకోదగినదే.

వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ యోహాను 8లో ఉంది. మీలో పాపం లేనివాడు మొదటి రాయి వేయమన్న ఘట్టం. అత్యంత ప్రాచీన ప్రతుల్లో అది లేదు. కొన్ని ప్రతుల్లో లూకా 21 చివర కనిపిస్తుంది. యోహాను రాసినది కాదని తేలిపోయింది. అయినా అది చాలా పాత జ్ఞాపకం కావచ్చు, ఆరోపణలపాలైన ఒక స్త్రీ కథ పాపియస్‌కు తెలుసునని యూసేబియస్ అంటాడు. మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. పుణెలో భండార్కర్ సంస్థ 1919 నుంచి 1966 దాకా శ్రమించి తెచ్చిన మహాభారత పరిష్కృత ప్రతిలో వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాసిన కథ మూలపాఠంలో చోటు దొరక్క అనుబంధంలోకి వెళ్ళింది. దానివల్ల భారతం విలువ తగ్గిందని ఎవరూ అనలేదు. పాఠశోధన పని ఇదే, ఏది ఎప్పుడు చేరిందో చెప్పడం.

ఇక సిద్ధాంతాల దగ్గరికి వద్దాం. ఇక్కడ రెండో గొంతు చేసే పొరపాటు పెద్దది. 325 నాటి నీసియా సభ సువార్తలను ఏరలేదు. ఏ పుస్తకాలు వేదమో నిర్ణయించలేదు. ఆ ప్రచారం డావిన్సీ కోడ్ నవలతో 2003 తర్వాత ఊరూరా పాకింది. 140ల్లో మార్సియన్ తన సొంత పట్టిక చేసుకున్నప్పటినుంచే ఏవి ప్రామాణికమన్న చర్చ ఉంది. నాలుగు సువార్తలూ 2వ శతాబ్దం చివరికే స్థిరపడ్డాయి. ఇప్పటి 27 పుస్తకాల పట్టికను మొదట యథాతథంగా ఇచ్చినది అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ 367లో రాసిన ఈస్టరు లేఖ. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో దొరికిన తోమా సువార్త 114 బోధలతో ఆసక్తికరమైనదే. అందులోనూ కొన్ని పాత మాటలుండవచ్చు. దాచిపెట్టిన అసలు సువార్త అదేనన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు.

నీసియా తేల్చినది వేరు. కుమారుడు తండ్రి సృష్టించినవాడని, ఆయన లేని కాలం ఒకటుందని అలెగ్జాండ్రియా పెద్ద ఏరియస్ బోధించాడు. కాదు, తండ్రితో ఒకే తత్త్వం గలవాడని సభ తేల్చింది. ఒకే తత్త్వం అన్న ఆ మాట బైబిల్లో లేదు. సభను పిలిపించినవాడు, ఒప్పుకోని వాళ్ళను దేశం దాటించినవాడు కాన్‌స్టంటైన్. అంతటితో తేలలేదు. తర్వాతి యాభై ఏళ్ళు చక్రవర్తి మారినప్పుడల్లా సిద్ధాంతం మారింది. నీసియా పక్షాన నిలబడిన అథనేసియస్ ఐదుసార్లు ప్రవాసం పోయాడు. కాన్‌స్టంటైన్ మరణశయ్య మీద 337లో బాప్తిస్మం పుచ్చుకున్నదే ఏరియస్ పక్షంవాడైన బిషప్ చేతుల మీదుగా. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మ స్థానాన్ని స్థిరపరిచింది. 451లో కాల్సిడాన్ సభ యేసులో దైవ, మానవ స్వభావాలు రెండూ ఉన్నాయని చెప్పింది. ఈజిప్టు కాప్టులు, ఆర్మేనియన్లు, సిరియన్లు దాన్ని ఒప్పుకోక విడిపోయారు. కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సంఘం ఆ విడిపోయిన పాయకు చెందినదే. మన దక్షిణాదిలోనే కాల్సిడాన్ చీలిక నేటికీ బతికుంది.

యేసు దైవత్వాన్ని నీసియా కనిపెట్టిందనడం కూడా తప్పే. 112 ప్రాంతంలో రోమన్ అధికారి ప్లినీ, క్రైస్తవులు తెల్లవారుజామున కూడి క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ పాడతారని చక్రవర్తికి రాశాడు. పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖ 2వ అధ్యాయంలో దేవుని స్వరూపం విడిచి దాసుడైన క్రీస్తును గురించిన స్తుతి ఉంది. అది సువార్తలకంటే పాతది. ఆరాధన తొందరగానే వచ్చింది, సూత్రీకరణ మెల్లగా వచ్చింది. సువార్తల్లోని యేసుకు ఈ సూత్రాలు తెలియవు. ఇశ్రాయేలు దేవుడు ఒక్కడేనన్న యూదు మాటనే మార్కు 12లో ఆయన అన్నిటికంటే గొప్ప ఆజ్ఞగా చెప్పాడు. ఆ మాటకూ నీసియా విశ్వాస ప్రమాణానికీ మధ్య దూరం ఉంది. విశ్వాసి దాన్ని పరిశుద్ధాత్మ నడిపింపు అంటాడు. చరిత్రకారుడు గ్రీకు తత్త్వశాస్త్రం, సభల రాజకీయం అంటాడు. దూరమే లేదనడం మాత్రం ఇద్దరికీ తగదు. మరియ నిష్కళంకోద్భవం 1854లో, పోపు తప్పుపట్టరాని అధికారం 1870లో, మరియ సశరీర పరలోకారోహణం 1950లో సిద్ధాంతాలయ్యాయన్న సంగతి గుర్తుంచుకుంటే, సిద్ధాంతానికి పుట్టుక తేదీ ఉంటుందన్నది ఎవరికైనా బోధపడుతుంది.

ఈ ప్రశ్నలు అడిగినవాళ్ళు తక్కువ మూల్యం చెల్లించలేదు. హాంబర్గ్ అధ్యాపకుడు రైమారస్ తన రాతలను బతికుండగా దాచుకున్నాడు. ఆయన పోయాక 1774-78 మధ్య జర్మన్ రచయిత లెస్సింగ్ వాటిని ఎవరు రాశారో చెప్పకుండా అచ్చువేశాడు. 1835లో యేసు జీవితం మీద పుస్తకం రాసి డేవిడ్ స్ట్రాస్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. జూరిక్‌లో ఆయనకు ఆచార్య పదవి ఇస్తే జనం తిరగబడ్డారు. 1864లో రెనాన్ పారిస్‌లో పీఠం కోల్పోయాడు. కాథలిక్ పండితుడు లోజీని 1908లో వెలివేశారు. ఆ చర్చే 1943లో పోపు 12వ పయస్ లేఖతో ఆధునిక పద్ధతులకు తలుపు తెరిచింది. యేసు బోధ, అపొస్తలుల ప్రకటన, సువార్తికుల కూర్పు అని మూడు దశల్లో సువార్తలు ఏర్పడ్డాయని 1964లో వాటికన్ బైబిల్ సంఘం, మరుసటి ఏడు రెండో వాటికన్ సభ చెప్పాయి. వెలివేసిన మాటల్లో చాలావాటిని అరవై ఏళ్ళలో పాఠంగా చెప్పుకునే స్థితికి వచ్చింది. అమెరికన్ ఇవాంజెలికల్ నాయకులు మాత్రం 1978లో షికాగోలో కూడి బైబిల్లో ఏ తప్పూ లేదని ప్రకటన చేశారు. మన పల్లెల్లో ఎక్కువగా వినిపించేది ఆ రెండో ధోరణే.

ఈ పనిలో భారతీయుడికీ ఒక స్థానం ఉంది. 1820లో కలకత్తాలో రాజా రామ్మోహన్ రాయ్ సువార్తల్లోంచి అద్భుతాలు, సిద్ధాంత వాక్యాలు వదిలేసి యేసు నీతిబోధలను ఒక పుస్తకంగా వేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ అదే పనిని కత్తితో, జిగురుతో, తన కోసం తాను చేసుకున్నాడు. రామ్మోహన్ దాచుకోలేదు. సెరాంపూర్ మిషనరీ మార్ష్‌మన్ దాడి చేస్తే, హెబ్రీ గ్రీకు మూలాలు చదివి మూడు విజ్ఞప్తులు అచ్చువేశాడు. మూడోదాన్ని మిషన్ ప్రెస్ వేయనంటే సొంత ప్రెస్ పెట్టుకున్నాడు. ఆ వాదం జోరులో విలియం ఆడమ్ అనే బాప్టిస్టు మిషనరీయే త్రిత్వం వదిలి ఏకేశ్వరవాది అయ్యాడు. చదివి, మూలం చూసి, గౌరవం వదలకుండా ప్రశ్నించడం ఎలాగో రామ్మోహన్ దగ్గర నేర్చుకోవాలి.

తప్పుడు విమర్శలూ తక్కువ లేవు. యేసు యౌవనంలో భారతదేశంలో చదివాడని చెప్పే గ్రంథాన్ని లడఖ్ హెమిస్ మఠంలో చూశానంటూ రష్యన్ యాత్రికుడు నోటోవిచ్ 1894లో పుస్తకం వేశాడు. ఆగ్రా ఆచార్యుడు డగ్లస్ మరుసటి ఏడే అక్కడికి వెళ్ళి విచారిస్తే, అలాంటి గ్రంథమూ లేదు, అలాంటి సందర్శకుడూ రాలేదని మఠాధిపతి చెప్పాడు. అయినా ఆ కథ మన పుస్తకాల షాపుల్లో ఇప్పటికీ అమ్ముడుపోతోంది. 2012లో హార్వర్డ్ ఆచార్యురాలు ప్రకటించిన యేసు భార్య పపైరస్ 2016కల్లా నకిలీగా తేలింది. చర్చి మాట పరీక్షించకుండా నమ్మరాదని చెప్పేవారు, చర్చికి వ్యతిరేకమైన మాటను పరీక్షించకుండా నమ్మితే ఏం ప్రయోజనం?

తెలుగునాట ఈ చర్చకు మరో బరువు ఉంది. ఇక్కడ సువార్త ఎక్కువగా చేరినది మాల, మాదిగ వాడలకు. బడి, ఆసుపత్రి, తలెత్తి నిలబడే ధైర్యం దానితోపాటు వచ్చాయి. మార్కు ముగింపు మీది పాఠభేదాన్ని ఆ మనుషుల ఆత్మగౌరవాన్ని కొట్టడానికి కర్రగా వాడేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. అది విమర్శ కాదు. పురాణాలకు ఒక కొలత, సువార్తలకు ఒక కొలత పెట్టడమూ విమర్శ కాదు. ఇరువైపులా ఒకే కొలత ఉండాలి.

పాస్టర్లకూ ఒక మాట. సెరాంపూర్ సెనేట్ కింద నడిచే థియొలాజికల్ కాలేజీల్లో ఇక్కడ రాసినదంతా పాఠ్యాంశమే. మార్కు ముందని, యోహాను 8 తర్వాత చేరిందని, నీసియా ఎలా జరిగిందని అక్కడ చదివి పరీక్షలు రాసి వచ్చినవారు ఆదివారం ప్రసంగంలో వాటి ఊసెత్తరు. విశ్వాసులు తట్టుకోలేరని భయం. ఇంటర్నెట్‌లో సగం సగం నిజాలు చూసి ఒకరోజు హఠాత్తుగా కూలబడే కుర్రవాడికి ఆ మౌనం ఏమీ మేలు చేయదు. బైబిల్ ప్రచురణకర్తలు ప్రతి తెలుగు సంచికలోనూ అడుగున పాఠభేదాల గమనికలు వేయాలి. పాస్టర్లు వాటిని వేదిక మీద చదివి వినిపించాలి. చదువుకున్న పాఠకులు ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని మార్కు 16, మత్తయి 28, లూకా 24, యోహాను 20 అధ్యాయాలను పక్కపక్కన పెట్టుకుని, సమాధి దగ్గరికి ఎవరు వెళ్ళారు, ఎవరిని చూశారు, తర్వాత ఏం చేశారు అని కాగితం మీద రాసుకుని చూడాలి. తర్వాత ఎవరి నిర్ణయం వారిది.